టస్కనీలో వానలు పడ్డాయా?

ఆ వయసులో నాకు భయం కన్నా మర్యాద ఎక్కువ. ఇరవై రెండేళ్ళవాణ్ణి, కువైట్‌లో రిగ్గై అనే పేటలోని ఒక అరబ్బు ఇంట్లో వంటవాణ్ణి. యజమానురాలు మామా (అక్కడ పనివాళ్ళు ఇంటావిడను అట్లాగే పిలవాలి), ఆమె భర్త ప్రతి ఎండాకాలం ఇటలీలో టస్కనీ అనే పల్లెసీమకు పోయేవారు. పోతూ పోతూ మా పాస్‌పోర్టులు చెక్కబీరువాలో పెట్టి తాళం వేసేవారు. ఇంటికి కాపలా నేనూ, కడప నుంచి వచ్చిన పనిమనిషి పెద్దక్కా.

ఆ ఏడు, 1990లో, వాళ్ళు అక్కడుండగానే ఒక పొద్దున ఇరాక్ సైన్యం ఊళ్ళోకి వచ్చేసింది. వీధిలో ట్యాంకులు. ఎవరు ఎవరిని కాలుస్తున్నారో, మేము ఎవరి వైపో (వంటవాడికి ఒక వైపంటూ ఉంటుందా?), మధ్యాహ్నానికి వంట చేయాలో వద్దో కూడా అర్థం కాలేదు. అంతలో ఫోను మోగింది. మామా! "బీగంచెవి యాడుందో అడుగు రా! పాస్‌పోర్టు ల్యాకుంటే ఇంటికెట్ల పోతాం?" అని పెద్దక్క నా వీపు మీద గుద్దింది.

అడగాలనే నోరు తెరిచాను. కానీ మా వైపు చెడ్డకబురు ఎత్తుకోగానే చెప్పరు కదా; ముందు క్షేమం, తర్వాత వానలు, పంటలు. నాకొచ్చిన అరబ్బీలో "బాగున్నారా మామా? అక్కడ వానలు పడ్డాయా?" అన్నాను. పాపం, ఆమెకు ఇక్కడి సంగతి ఇంకా తెలియదు. ఎవరూ అడగని ప్రశ్న అడిగేసరికి మురిసిపోయింది. కొండవాలున ద్రాక్షతోటలట, నాలుగు వందల ఏళ్ళ నాటి రాతిమిద్దెలట, అక్కడే ఆడించిన ఆలివ్ నూనెలో ముంచుకునే రొట్టెలట. (రాళ్ళూ, కొండలూ, పాత మిద్దెలూ చూడటానికి విమానం ఎందుకు? మా రాయచోటి బస్సెక్కితే చాలదూ!) అయినా ఆమె చెబుతుంటే నాకూ పోవాలనిపించింది. "మామా, తాళంచెవి..." అనేసరికి లైను తెగింది. మళ్ళీ కలవలేదు.

"వానలు అడిగితివా, సచ్చినోడా!" పెద్దక్క ఏడ్చింది, తిట్టింది, చివరకు ఏలకులు దంచే ఇత్తడి రోకలితో బీరువా తలుపు పగలగొట్టింది. పాస్‌పోర్టులు దొరికాయి. బయట దుకాణాలు లూటీ అవుతుంటే నేను చెక్కపేళ్ళు ఊడ్చి, "మామా, క్షమించండి, వచ్చినాక బాగుచేయిస్తా" అని చీటీ రాసి (తెలుగులో!) బీరువాలో పెట్టాను.

బాగ్దాద్, అమ్మాన్ల మీదుగా ఎట్లాగో ఇల్లు చేరాం. ఆ ఇరవై రెండేళ్ళ కుర్రాణ్ణి తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. పెద్దక్క తిట్లు న్యాయమే. కానీ మామా తన ఇల్లు భద్రంగా ఉందనుకుంటూ మాట్లాడిన ఆఖరి ఐదు నిమిషాలు బహుశా అవే. వాటిని చెడగొట్టనందుకు మాత్రం వాణ్ణి తిట్టబుద్ధి కాదు.