కిందికి కొడుతున్న లైట్లు

మా ఆయనకు లైట్ల పిచ్చి పట్టిందని మొదట్లో అందరికీ చెప్పి నవ్వేదాన్ని. కారు హెడ్‌లైట్లు కిందికి కొడుతున్నాయని ఆయన అనని రోజు లేదు. అన్నం ముందు కూర్చున్నా అదే మాట, చెప్పులు వేసుకుంటున్నా అదే మాట. "నాలుగడుగుల రోడ్డే కనిపిస్తున్నదే. ఆ పైనంతా చీకటి" అనేవాడు. అమీర్‌పేటలో చీకటెక్కడిది? కోచింగ్ సెంటర్ల బోర్డులు, బట్టల దుకాణాల దీపాలు, మెట్రో స్టేషన్ వెలుగు కలిసి మా గల్లీని పొద్దుగూకినా పట్టపగలులా ఉంచుతాయి. "నీకింకా ఎంత వెలుతురు కావాలి? సూర్యుణ్ణి తెచ్చి బానెట్‌కు కట్టుకుంటవా?" అని అడిగేదాన్ని.

ఆ కారుతోనే మా ఇల్లు గడిచేది. ఆఫీసుల్లో పనిచేసే ఆడపిల్లలను సాయంత్రం ఇళ్ల దగ్గర ఎక్కించుకుని డ్యూటీకి దింపడం, తెల్లవారుజామున మళ్లీ ఇళ్లకు చేర్చడం ఆయన పని. నేను ఇంటి ముందుగదిలో బ్లౌజులు కుడతాను. మేము సిరిసిల్ల నుంచి వచ్చినవాళ్లం. మా నాన్న, మా మామ ఇద్దరూ మగ్గం మీద బతికినవాళ్లే. పెళ్లిచూపుల్లో మా మామ నన్ను పాట పాడమనలేదు, చదువెంతని అడగలేదు. సూదీ దారం చేతికిచ్చి ఎక్కించమన్నాడు. మా ఇళ్లల్లో కంటిపరీక్ష అంటే అదే. దారం ఎక్కిందా, చూపు ఉన్నట్టు.

నాకు నలభై దాటగానే చత్వారం వచ్చింది. ఆయనకు యాభై దగ్గరపడినా రాలేదు. రోజూ డ్యూటీకి పోయే ముందు నా సూదులన్నిటికీ రంగురంగుల దారాలు ఎక్కించి, గుడ్డ ఉండకు గుచ్చి పోయేవాడు. ఒక్కసారి కూడా దారం కొస తడుపుకోవాల్సిన పని పడేది కాదు. అలాంటి మనిషి కళ్లను ఎవరు అనుమానిస్తారు? తప్పు లైట్లదే అయింది.

పంజాగుట్టలో ఒక సందు లోపల మా జిల్లావాడి మెకానిక్ షెడ్డుంది. మొదట అక్కడ హెడ్‌లైట్ల అద్దాలు పచ్చబడ్డాయని పేస్టు పెట్టి రుద్దించాడు. రెండురోజులు బాగుందన్నాడు. తరువాత బల్బులు మార్పించాడు. మళ్లీ రెండురోజులు బాగుందన్నాడు. ఆపైన లైటు వెనకుండే స్క్రూ తిప్పించి వెలుతురు పైకెత్తించాడు. కొన్నాళ్లకు మళ్లీ ఎత్తించాడు. మెకానిక్ మంచివాడే, కానీ మొహమాటస్తుడు. పెద్దవాడు వచ్చి అడిగితే కాదనలేక తిప్పి పంపేవాడు.

ఎదురొచ్చే బండ్లవాళ్లు మాత్రం ఊరుకోలేదు. లైట్లు ఆర్పి వెలిగించి సైగ చేసేవాళ్లు, అద్దం దించి తిట్టేవాళ్లు. ఎర్రలైటు దాటినందుకు ఫోన్‌కు ఫొటోలతో సహా చలాన్లు రావడం మొదలైంది. "సిగ్నల్‌కు చెట్టు అడ్డం పెట్టి మనల్ని అంటరు" అని కెమెరాల మీద విరుచుకుపడేవాడు. నేను సగం దించిన మా ముందుగది షట్టర్‌కు ఆయన నుదురు కొట్టుకుని, ఆ కోపం నా మీద తీర్చుకున్నాడు. ఇరవై ఏళ్లుగా ఉన్న షట్టర్ ఇవ్వాళ కొత్తగా వచ్చి తగిలిందా అని నేనూ అరిచాను.

డ్యూటీ లేని ఒక సాయంత్రం నాకు లైనింగ్ గుడ్డ కొనుక్కుని లక్డీకాపూల్ వైపు నుంచి కారులో వస్తున్నాం. అప్పుడే పొద్దుగూకింది. ఎదురుగా బైకు మీద వస్తున్న ఒకతను కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని, బండి ఊగి, కాలు నేలకు ఆనించి ఎలాగో ఆపుకున్నాడు. వెనక కూర్చున్న అతని భార్య కెవ్వుమంది. బండి అక్కడే నిలిపి మా దగ్గరికొచ్చాడు.

"లైట్లా అవి? నా కండ్లు పోగొడ్తవా? ఇంట్ల ఎవలన్న ఉంటే జర చెప్పమను!" అని అరిచాడు.

ఇంట్లో ఉన్న ఆ ఎవలన్న నేనే. సిగ్గుతో తల దించుకున్నాను. మా ఆయన మాత్రం, "నా లైట్లే కిందికున్నయని నేనేడుస్తుంటే వీడొకడు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఇంటికి వద్దు, నేరుగా షెడ్డుకే పోనిమ్మన్నాను. సంగతేదో అక్కడే తేలిపోవాలనుకున్నాను.

షెడ్డు ఎదురుగా ఒక పాత ప్రహరీగోడ ఉంది. లైట్లు సరిచూడటానికి మెకానిక్ కారును ఆ గోడకు ఎదురుగా, కాస్త దూరంలో నిలబెట్టించాడు. హెడ్‌లైట్లు నేలకు ఎంత ఎత్తులో ఉన్నాయో చూసి, గోడ మీద అంతే ఎత్తున సుద్దగీత గీశాడు. వెలుతురు ఆ గీతకు కొంచెం కిందే ఆగాలట. మా కారు వెలుతురు గీత దాటి గోడ మీద చాలా పైకి ఎక్కి ఉంది.

"అన్నా, ఇప్పటికే మస్తు పైకున్నయ్. ఇంక లేపితే ఎదురొచ్చేటోళ్లకు కష్టం" అన్నాడు మెకానిక్.

"ఏడ పైకున్నది? గీత కాడికే ఉన్నది" అన్నాడు మా ఆయన స్టీరింగ్ ముందు కూర్చునే.

ఇక నా వల్ల కాలేదు. పోయి గోడకు వీపు ఆనించి నిలబడ్డాను. తెల్లటి వెలుతురు సూటిగా నా మొహం మీద పడింది. కళ్లు తెరవలేకపోయాను, నీళ్లు కారాయి. "ఇప్పుడు చెప్పు, లైటు నాకు ఎక్కడిదాకా పడుతున్నది?" అని అరిచాను.

"నీ నడుము కాడికి" అన్నాడు.

ఎగతాళి చేస్తున్నాడనుకున్నాను. కానీ ఆ గొంతులో ఎగతాళి లేదు. మెకానిక్ కారు కిటికీ దగ్గరికి పోయి మెల్లగా అన్నాడు. "అన్నా, లైటు వదిన మొహం మీదనే ఉన్నది. ఒక్కసారి జర తల ఎత్తి చూడు."

తరువాత మా ఆయన గొంతు వినిపించింది. "ఆఁ, గిప్పుడు కనిపిస్తున్నది." మళ్లీ, "ఇప్పుడు లేదు." ఆయన గడ్డం ఎత్తుతున్నాడు, దించుతున్నాడు. ఎత్తితే నా మొహం వస్తోంది, దించితే పోతోంది. లైట్లు ఆర్పేశాడు. అంత భయం నాకు నా పురుళ్లప్పుడు కూడా వేయలేదు.

సోమాజిగూడలో కళ్ల డాక్టరుకు చూపించాం. తల ఒక గిన్నెలాంటి మిషన్‌లో పెట్టించి, చుక్క వెలుగు కనిపించినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. ఆయన తెగ నొక్కాడు, బాగా చేశానని నాతో గొప్పగా కూడా అన్నాడు. కాగితం మీద మాత్రం రెండు కళ్లకూ చూపులో పైసగం నల్లగా వచ్చింది. నీటికాసుల జబ్బట. కంట్లో ఒత్తిడి పెరిగి నరం మెల్లగా ఎండిపోతుందట.

"ఏంటండీ, ఇన్నాళ్లూ ఏం చేశారు? పోయింది తిరిగి రాదు. ఉన్నదాన్ని చుక్కలతో కాపాడుకోవాలి. బండి నడపడం ఇవ్వాళ్టితో ఆపేయండి" అన్నాడు డాక్టరు.

"సార్, మరి నేను సూదిల దారం ఎక్కిస్త గదా?" అని అడిగాడు మా ఆయన, చిన్నపిల్లవాడిలా.

"నడిమి చూపు చివరిదాకా ఉంటుందండీ. అందుకే ఎవరికీ తెలియదు" అన్నాడు డాక్టరు. ఆ మాట అంత తాపీగా అన్నందుకు ఆ డాక్టరు మీద నాకు పట్టరాని కోపం వచ్చింది.

తిరిగి వస్తూ ఆటో ఎక్కాం. పంజాగుట్ట దాటాక మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "ఆ పిల్లలు పొద్దుగాల డ్యూటీ నుంచి వస్తుంటే నా వెనక మంచిగ నిద్రపోయేటోళ్లే. అన్న ఉన్నడని ఫికర్ లేకుండ పండుకునేటోళ్లు" అన్నాడు. ఏడవడం నేను ఆటోలోనే మొదలుపెట్టాను. ఎవరికైనా ఏమైనా అయి ఉంటే అన్న ఆలోచన ఆయనను అప్పటి నుంచి వదల్లేదు, ఇప్పటికీ నిద్రలో ఉలిక్కిపడి లేస్తాడు.

కారు అమ్మక తప్పలేదు. ఆయనతో పాటు డ్యూటీలు చేసే ఒకతనే కొంటానన్నాడు. బేరం కుదిరాక మా ఆయన ఒక్కటే పట్టుబట్టాడు. "లైట్లు కిందికి దించిగాని బండి ఇయ్య" అన్నాడు. సాయంత్రం కొన్నతనే కారు నడుపుకుంటూ మమ్మల్ని షెడ్డుకు తీసుకొచ్చాడు. అదే గోడ ముందు నిలబెట్టాడు. మెకానిక్ బానెట్ ఎత్తి స్క్రూ తిప్పుతుంటే గోడ మీద వెలుతురు కొంచెం కొంచెంగా దిగింది. మా ఆయన కారు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

మెకానిక్ అలవాటు కొద్దీ ఆయన వైపే తిరిగాడు. "అన్నా, చూడు. ఇప్పుడు సరిగున్నదా?"

మా ఆయన గోడ వైపు చూడనైనా లేదు. "నన్నడగకురా," అన్నాడు. "ఆమెనడుగు."