సంచి మీద పేరుండదు

ఆదివారం పూట కింద వాటాలో మిరియాలు వేసి మేక కార్జం వేపుతుంటే ఆ ఘాటు మెట్లెక్కి నా గదిలోకి వస్తుంది. నేను కిటికీ మూయను. ఆ వాసనతోపాటే సలోమి గారు ఎదురుగా కూర్చుని స్టీలు డబ్బా మూత తీస్తున్నట్టుంటుంది. ఆవిడ పోయి కొన్నేళ్ళయింది. పోర్టు దగ్గర, ఓడల్లో వచ్చే సరుకుకు కాగితాల పని చేసే కంపెనీలో ఆవిడ మా సూపర్‌వైజరు. నా మొదటి ఉద్యోగం ఆవిడ కిందే. మెడ నిటారుగా పెట్టుకుని ఎవరితోనూ కలవకుండా తిరిగే నన్ను మొదటి వారంలోనే "దొరసానీ" అని పిలవడం మొదలుపెట్టారు. వెక్కిరింపని తెలుసు. అబద్ధం కాదు కనుక ఊరుకున్నాను.

ఆనందపురం వైపు మా తాతగారి పేరు ఇప్పటికీ చాలాచోట్ల ఉంది. గుడి గంట మీద చెక్కి ఉంది. బడి బెంచీల మీద, ఆసుపత్రి ఫ్యాను రెక్కల మీద ఎర్ర రంగుతో రాసి ఉంది. భూములు పోయాయి, ఆ పేర్లు మిగిలాయి. అమ్మా నేనూ పట్నంలో అద్దె వాటాలో ఉండేవాళ్ళం. మాది దానాలిచ్చిన వంశం అన్న మాట ఒక్కటే మేము కుదువ పెట్టకుండా దాచుకున్న నగ.

ఆ ఏడు మా ఆఫీసు హాల్లో రక్తదాన శిబిరం పెట్టారు. లోడింగ్ పనివాళ్ళు గుమ్మం దగ్గరే ఆగిపోయి ఒకరినొకరు ముందుకు తోసుకుంటున్నారు. అప్పలరాజు అనే అతను పక్కవాడితో, "సూది సూసినావా బావా, పెన్నంత ఉంది. ఇచ్చేసినాక మూటలు ఎత్తగలమేటి?" అన్నాడు.

సలోమి గారు విన్నారు. "ఇయ్యాలకి మూటలు ఎత్తకు, రెస్టు తీసుకో. నీళ్ళు బాగా తాగితే పోయిన నీరు ఒకట్రెండు రోజుల్లో కూడిపోద్ది. మిగతాదానికి కొన్ని వారాలు పడతాది. అందుకే కదా మూడు నెలల దాకా మళ్ళీ తియ్యరు."

"ఆ సూదితో ఏ రోగమైనా అంటుకుంటేనో?"

"మనిషికో కొత్త సూది. నీ ముందే విప్పుతారు. కళ్ళు మూసుకోకుండా సూడు మరి."

వాళ్ళ భయాలు నాకు చిన్నతనంగా తోచాయి. అందరికంటే ముందు నేను వెళ్ళి కూర్చున్నాను. డాక్టరమ్మ వేలికొస పొడిచి, చుక్క పరీక్షించి, నెమ్మదిగా చెప్పింది. "మీలో హిమోగ్లోబిన్ తక్కువగా ఉందమ్మా. ఇప్పుడు తీసుకోం. మాత్రలు రాస్తాను, బలమైన తిండి తినండి. లెక్క పెరిగాక ఇద్దురుగాని." అయినా గుమ్మంలో ఉన్న వాళ్ళంతా విన్నారు. మా వంశంలో ఇస్తామని వెళ్ళి ఇవ్వలేక తిరిగొచ్చిన మొదటి మనిషిని నేను. తల ఎత్తుకునే నడిచి నా బల్ల దగ్గరికి వచ్చాను. ఎలాగైనా మళ్ళీ వెళ్ళి ఇచ్చి తీరాలని అక్కడ కూర్చునే అనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం ఎప్పట్లాగే గోడవైపు తిరిగి తింటున్నాను. నా డబ్బాలో ఏముందో ఎవరికీ తెలియనక్కర్లేదు. సలోమి గారు కుర్చీ లాక్కుని వచ్చి తన డబ్బా నా వైపు జరిపారు. కార్జం వేపుడు, మునగాకు పప్పు.

"నాకు అలవాటు లేదండి" అన్నాను.

"మాంసం తినరేటి మీరు?"

"తింటాం. ఇంకొకరి గిన్నెలోంచి తినం."

ఆవిడ నొచ్చుకోలేదు. "నాను నీకు పెడతన్నానని ఎవరన్నారు? రేపు నీ రక్తం ఎవరికో ఎక్కుద్ది కదా, ఆ మనిషికి పెడతన్నాను. వాళ్ళ కూడు వద్దనడానికి మధ్యలో నువ్వెవరు?"

పుచ్చుకోవడం మా ఇంట్లో నాకెవరూ నేర్పలేదు. ఆవిడ అది పుచ్చుకోవడంలా కనబడకుండా చేశారు. ఒక ముక్క తీసుకున్నాను.

ఆ రోజునుంచీ డబ్బా మా ఇద్దరి మధ్యా ఉండేది. నేను తక్కువ తింటే, "ఇయ్యాల ఆ మనిషికి ఆకలి లేదేటి?" అనేవారు. కొన్నాళ్ళకు నేనే, "ఆ మనిషి ఆవకాయ అడుగుతోందండి" అన్నాను. సలోమి గారికి పొలమారింది. నవ్వు ఆగాక డబ్బా సర్దుకున్నారు. అలా తింటూనే తాతగారి గంట గురించీ ఫ్యాన్ల గురించీ చెప్పాను. అంతకుముందు ఎవరికీ చెప్పలేదు.

మాత్రల కోర్సు అయ్యాక బ్లడ్ బ్యాంకుకు ఇద్దరం వెళ్ళాం. ఈసారి లెక్క సరిపోయింది. మంచం మీద పడుకున్నాక నర్సు విప్పుతున్న సూది వైపే చూశాను.

"సీమ కుట్టినట్టుంటాది" అన్నారు సలోమి గారు. "అబద్ధం సెప్పను. కాస్త పెద్ద సీమ."

సంచి నిండుతుంటే నర్సును అడిగాను. "ఇది ఎవరికి ఎక్కిస్తారు? నా పేరు రాస్తారా?"

"నంబరే ఉంటుందండి. పరీక్షలన్నీ అయ్యాక ఎవరికి సరిపోతే వాళ్ళకి. ఎవరికన్నది మీకు చెప్పం."

"ఫ్యాను కాదే తల్లీ, రెక్కల మీద పేరు రాయడానికి" అన్నారు సలోమి గారు, నా నుదుటి మీద చెయ్యి వేసి.

బిస్కెట్లు తిని, కాసేపు కూర్చుని, సింధియా వైపు వెళ్ళే బస్సెక్కాం. కిటికీ పక్క సీటు నాకిచ్చారు. తర్వాతి స్టాపులో చేపలమ్మే ఆవిడ ఎక్కి గంప మా కాళ్ళ దగ్గర దింపింది. ఆ నీళ్ళు గంజి పెట్టిన నా చీర కుచ్చిళ్ళ మీద పడ్డాయి. నేను నోరు తెరిచాను. సలోమి గారు నా చెవి దగ్గరకు వంగారు.

"జాగర్త, దొరసానీ. ఇకమీదట ఈ ఊళ్ళో నీ సుట్టాలెవరో నీకు తెలీదు."

తెరిచిన నోరు మూసుకున్నాను. ఆ చేపలావిడ నా పాలిపోయిన మొహం చూసి, "ఏటమ్మా, ఒంట్లో బాలేదా?" అని గంప తన వైపు లాక్కుంది.

ఆ తర్వాత చాలాసార్లు రక్తం ఇచ్చాను. అది ఏ ఇళ్ళకు చేరిందో తెలియదు. వంశం మాటెత్తితే నా వెన్ను ఇప్పటికీ నిటారవుతుంది, దానికి సిగ్గుపడను. కాని బస్సులో ఎవరైనా నా కాలు తొక్కితే, అనబోయే మాట పెదవి దగ్గరే ఆగిపోతుంది. వాళ్ళ మొహంలోకి ఒకసారి చూస్తాను. జరిగి, చోటిస్తాను.