పొద్దున ఏడింటికి సైదులు అన్న పోస్ట్ వచ్చింది

నిన్న మధ్యాహ్నం మిల్లుల ఉన్న. ఫోన్ మోగింది. మిషన్ సప్పుడుకు పక్కకొచ్చి ఎత్తిన.

సైదులు అన్న వాళ్ళ పెద్దన్న, లింగయ్య అన్న.

"తమ్ముడు పోయిండు ర" అన్నడు. ఫోన్ పెట్టేసిండు.

మళ్ళ నేనే చేసి అడిగిన. కోదాడ నుంచి సూర్యాపేటకు బండి మీద వస్తుండంట. రాంగ్ రూట్ల ట్రాక్టర్ ఎదురొచ్చిందంట. దవాఖానకు తీస్కపోయేలోపే ఖతం.

హెల్మెట్ ఉండె.

ట్యాంక్ మీద.

నీ బ్లాగ్ సైట్‌కు మూడు బ్యాకప్‌లు తీసిపెట్టేటోనివి గద అన్నా. తలకాయకు ఒక్కటి పెట్టుకోనికి ఏం రోగం? అవును, పోయినోన్నే తిడుతున్న. ఎవరికన్న బాధైతే కానియ్యి.

తెలియనోళ్ళకు చెప్తున్న. సైదులు అన్నది పెన్‌పహాడ్. గొర్లు కాసే ఇల్లు. సూర్యాపేటల జిరాక్స్ షాపుల పని. ఆ షాపు కంప్యూటర్ మీదనే తనంతట తనే నేర్చుకొని తెలుగుల టెక్ బ్లాగ్ పెట్టిండు. స్లో అయిన కంప్యూటర్‌ని ఎట్ల దారికి తేవాలె, మెమరీ కార్డుల పోయిన ఫోటోలు ఎట్ల తెచ్చుకోవాలె, ఏ గేమ్ ఏ ఫోన్ల ఆడతది... అన్నీ మన మాటల.

నేను పది ఫెయిల్. మిర్యాలగూడ రైస్ మిల్లుల పని. నాకు కంప్యూటర్ వచ్చిందంటే ఆ బ్లాగ్ చదివే వచ్చింది.

ఒక మే నెల. ఎండకు రోడ్డు మీద తారు కాలికి అంటుతుంది. సైట్ ఓపెన్ చేస్తే పైనుంచి మంచు కురుస్తుంది! ఏదో కోడ్ పెట్టిండు. "అన్నా, ఇగ మా కూలర్ అమ్మేస్తున్న" అని కింద ఒకాయన కామెంట్ పెట్టిండు. వానలు పడేదాక తీయలే ఆ మంచు.

సైట్ పనిల సాయం చేస్తనంటే నన్ను నమ్మి పాస్‌వర్డ్ ఇచ్చిండు. మొదటి రోజే డిజైన్ ఫైల్ల చెయ్యి పెట్టిన. సైట్ మొత్తం తెల్లగైంది. ఒక్క అక్షరం లేదు. భయానికి ఫోన్ స్విచాఫ్ చేసి బస్తాల ఎన్క కూసున్న.

తెల్లారి బస్సెక్కి మిల్లు గేటు కాడికే వచ్చిండు. కొడతడేమో అనుకున్న.

"దడుసుకున్నవా? నేను నాలుగుసార్లు ఖరాబ్ చేసిన ర. సైట్‌దేముంది, బాగైతది. ఫోన్ బంద్ జేస్తే ఎట్ల? నీకేమన్న అయిందేమో అని రాత్రంత పరేషాన్."

ఇప్పుడు నీ ఫోన్ బందుంది అన్నా.

ఇగ అసలు సంగతి. పొద్దటి సంది అందరు నాకు మెసేజ్‌లు పెడుతున్నరు, "సైదులు పోయిండన్నది అబద్ధమా?" అని. అబద్ధం కాదు. ఇనుండ్రి.

మన దిక్కు కరెంట్ కోతలు తెలుసు గద. ఎప్పుడు పోతదో ఎప్పుడొస్తదో. అందుకే అన్న కరెంట్ ఉన్నప్పుడు కూసొని పది పన్నెండు పోస్టులు ఒక్కసారే రాసేటోడు. రోజుకొకటి, పొద్దున ఏడింటికి, దానంతటదే వచ్చేటట్టు టైమ్ పెట్టేటోడు.

ఈ పొద్దున ఏడింటికి నా ఫోన్ మోగింది.

సైదులు అన్న కొత్త పోస్ట్.

"నమస్తే దోస్తులూ, ఎట్లున్నరు? నేనైతే మస్తున్న."

ఆ టైమ్ సంగతి నాకు తెలుసు. తెలిసి గూడ ఫోన్ మంచం మీద ఇసిరేసి బయటికి ఉరికిన.

పెన్‌పహాడ్‌ల ఇంకా ఘోరం. శవం ఇంకా దవాఖానలనే ఉంది. ఇంటికాడ చుట్టాలల్ల ఎవడో ఫోన్ తీసి అది బయటికి చదివిండు. తెలివి లేనోడు. అన్న వాళ్ళ అమ్మ లేచి నిలబడ్డదంట.

"నా కొడుకు మస్తున్న అంటుండు. దవాఖానల ఉన్నోడు ఇంకెవడో!"

లింగయ్య అన్న ఫోన్ చేసిండు.

"నువ్వేనా ర రాసింది? సచ్చినోని పేరు మీద ఆటలా?"

"నేను కాదన్నా. ఆయన్నే రాసి పెట్టుకున్నడు."

"ఇంక ఎన్నున్నయ్?"

లాగిన్ అయి చూసిన. తొమ్మిది.

"బంద్ చెయ్యి. అమ్మ ఫోన్ ఇడుస్తలేదు."

తొమ్మిది పేర్లు, తొమ్మిది తారీఖులు. డిలీట్ మీద ఏలు పెట్టిన. ఒత్తబుద్ధి కాలే. ట్రాక్టరోడు ఒకసారి చంపిండు. నేను తొమ్మిదిసార్లు చంపాల్నా? డిలీట్ చెయ్యకుండనే పెన్‌పహాడ్ బస్సెక్కిన.

మధ్యాహ్నం శవం వచ్చింది. అమ్మ మొఖం చూసింది. ఫోన్ కింద పెట్టింది.

మట్టి చేసి వచ్చినంక ఆమె పక్కన కూసొని నేనే చెప్పిన. "అది ముందుగాల రాసి పెట్టిండమ్మా, కరెంట్ ఉన్నప్పుడు."

ఆమె నా దిక్కు తిరిగింది.

"ఇంక ఉన్నయా?"

"తొమ్మిది ఉన్నయమ్మా."

"తీసెయ్యకు బిడ్డా. మోగనియ్యకు. గంతే."

అక్కడ్నే, ఆమె ముందటనే, తొమ్మిది పోస్టులకు టైమ్ తీసేసిన. ఒక్క పోస్ట్ గూడ డిలీట్ చెయ్యలే. అన్నీ లోపల్నే ఉన్నయి, ఎవ్వరికీ కనపడయి.

ఈసారి ఏం ఖరాబ్ చెయ్యలే అన్నా.

పొద్దటి పోస్ట్ కింద ఒక పిలగాడు అడిగిండు, "అన్నా నువ్వు చెప్పింది నా ఫోన్ల పనిచేస్తలేదు, జర చెప్పవా?" అని. నువ్వు ఏ కామెంట్‌నీ ఇడిసిపెట్టలే. నాకు వచ్చినంత చెప్పిన. నీ పేరుతోని కాదు, నా పేరుతోని.

పొద్దున ఫోన్ మోగితే భయమైంది.

రేపు ఏడింటికి మోగదు. దానికి ఇంకా ఎక్కువ భయమైతుంది.

పో సైదులు అన్నా. కరెంట్ కోతలు లేని జాగల నిమ్మళంగ ఉండు.