రానీ బావా, రానీ

ఇంజనీరమ్మ మేనమామకు ఒకే ఒక్క జబ్బు. ఏది వెనక్కి కదిలినా చూస్తూ ఊరుకోలేడు. అది బస్సు కావచ్చు, బీరువా కావచ్చు, కుర్చీలో కూర్చోబోతున్న పెద్దమనిషి కావచ్చు. వెనకాల ప్రత్యక్షమై, చెయ్యి ఊపుతూ "రానీ బావా, రానీ... ఎడమకి కొట్టు... ఇంకా ఉంది... చాలు" అంటాడు. ఆ పైన రేకో గోడో, దగ్గర్లో ఏది ఉంటే దాన్ని అరచేత్తో రెండు దెబ్బలు వేస్తే గానీ ఆయనకు ఊపిరాడదు.

ఒకసారి పళ్ల డాక్టరు ఆయన కూర్చున్న కుర్చీని వెనక్కి వాల్చబోతే, నోట్లో దూది ఉండగానే "రానీ బావా" అన్నాడు. ఆ డాక్టరు ఆడమనిషి.

పోనీ ఉద్యోగం నేర్పిన అలవాటా అంటే అదీ కాదు. బస్సు డిపోలో ఆయన పని టైర్లకు గాలి కొట్టడం. బస్సుల్ని వెనక్కి రప్పించమని ఆయనకు ఎవరూ చెప్పలేదు. అయినా గాలి గొట్టం పక్కన పడేసి, వచ్చిన ప్రతి బండి వెనకా పరుగెత్తేవాడు. నలభై మంది డ్రైవర్లూ ఆయనకు బావలే. మేనేజరు తన స్కూటరు వెనక్కి తీసుకుంటుంటే ఆయనా బావే. పని తక్కువ, హడావిడి ఎక్కువ అని అందరూ నవ్వుకునేవారు.

తర్వాత డిపో మూతపడింది. ఆరేళ్లపాటు గబ్బిలాలు కాపురం చేశాయి. ఇప్పుడు దాన్ని కళాకేంద్రం చేస్తున్నారు. బస్సులు కడిగే చోట సంగీతం, టైర్ల గదిలో బొమ్మలు, పెద్ద షెడ్డులో నాటకాలు. ఆ పనంతా మేనకోడలి చేతిమీదుగానే జరుగుతోందని తెలిసి, మొదటి రోజే ఎవరూ పిలవకుండా అన్నం డబ్బాతో దిగిపోయాడు మావయ్య.

ఆమె ఈ పని ఒప్పుకోవడానికి వేరే కారణం ఉంది. ఆమె తండ్రి అక్కడే డ్రైవరు. పోయి ఐదేళ్లయింది. ఇంట్లో డిపో సంగతులు చెప్పే మనిషి కాదు. ఆయన సగం బతుకు ఆ షెడ్డులోనే గడిచింది కాబట్టి అక్కడ ఎక్కడైనా కాస్త మిగిలి ఉంటాడేమోనని ఆమె ఆశ. ఆ మాట ఎవరితోనూ అనలేదు. సున్నం వేయించే ముందు ప్రతి గోడ దగ్గరా కాసేపు ఆగేది. గ్రీజు మరకలు కనిపించేవి. నాన్న కనిపించేవాడు కాదు.

ప్రారంభం వారం రోజుల్లో ఉందనగా కమిటీ ఛైర్మన్ చూడ్డానికి వచ్చారు. గోడమీద వేసిన పెద్ద బొమ్మ పూర్తిగా కనపడాలని నాలుగు అడుగులు వెనక్కి వేశారు. ఇంకేముంది, "రానీ బావా" అని వెనకనుంచి కేక, రేకు తలుపు మీద రెండు దెబ్బలు. ఛైర్మన్ గారు ఎగిరిపడి నీలం రంగు డబ్బాలో కాలు పెట్టారు. ఒక కాలు నీలంగా కారెక్కుతూ, ప్రారంభం నాటికి ఆ ముసలాయన లోపల కనపడకూడదని గట్టిగా చెప్పి వెళ్లిపోయారు.

మావయ్యకు ఆ మాట ఎలా చెప్పాలో ఆమెకు పాలుపోలేదు. ఇంటికి పంపేస్తే పగలంతా ఏం చేస్తాడు? తెల్లారగానే స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని ఇక్కడికే వస్తున్నాడు. మూడు రోజులు నోటిదాకా వచ్చిన మాటను మింగింది.

నాలుగో రోజు, ఒకప్పుడు డిపోలో పనిచేసిన ఒక ముసలి మెకానిక్ తన పాత పనిముట్లు ప్రదర్శనకు ఇచ్చి పోదామని వచ్చాడు. అక్కడ మావయ్య, వెనక్కి నడుస్తూ సామాను మోస్తున్న ఇద్దరు కూలీలను ఏకంగా బావల్ని చేసి నడిపిస్తున్నాడు. మెకానిక్ నవ్వి, ఆమెతో "ఇంకా మానలేదా? మీ నాన్న కోసం మొదలుపెట్టాడమ్మా ఇదంతా" అన్నాడు.

ఆమెకు అర్థం కాలేదు.

"మీ నాన్నకి మెడ తిరిగేది కాదు, నీకు తెలీదా? రోడ్డు మీద బస్సు తోలడం తనే మానుకున్నాడు. డిపో లోపల బండ్లు అటూ ఇటూ జరిపే పని తీసుకున్నాడు. వెనక్కి చూడలేడని తెలిస్తే అదీ పోయేది. నువ్వప్పుడు కాలేజీలో ఉన్నావు. ఒక్కడికే దారి చెబితే పదిమందీ కనిపెడతారని, మీ మావయ్య అందరికీ చెప్పడం మొదలుపెట్టాడు. బావ కూడా ఒక్కడే కదా, అందర్నీ బావల్ని చేసేశాడు."

ఇంట్లో పిలిస్తే నాన్న తల తిప్పేవాడు కాదు, మనిషంతా తిరిగి నిలబడేవాడు. కూతురంటే అంత గురి అనుకుందామె ఇన్నాళ్లూ.

అప్పటికప్పుడు ఛైర్మన్ గారికి ఫోన్ చేసింది. "ఆయన లేకుండా ఈ షెడ్డు నేను అప్పగించలేనండి. కుదరదంటే ఇంకో ఇంజనీరును చూసుకోండి." రేపు వచ్చి మాట్లాడతానన్నారాయన.

మర్నాడు, ఇంజను తీసేసి పిల్లల పుస్తకాల గదిగా మార్చిన పాత బస్సును షెడ్డులోకి వెనక్కి నెట్టాలి. ఎనిమిది మంది ముందు నిలబడ్డారు. ఒకతను చక్రానికి అడ్డం వెయ్యడానికి చెక్క దిమ్మ పట్టుకున్నాడు. స్టీరింగు దగ్గరికి ఎవరు ఎక్కాలా అనుకుంటుంటే ఆమే ఎక్కింది. వెనక్కి తిరగబోయి ఆగింది. మెడ బిగబట్టి, ఎదురుగా ఉన్న గేటునే చూస్తూ కూర్చుంది.

"రానీ బావా, రానీ... కుడికి కొట్టు... ఇంకా ఉంది..."

ఏమీ కనపడని వీపు వెనకనుంచి ఆ గొంతు వస్తోంది. నాన్న రోజూ ఇలాగే కూర్చుని, ఇదే వింటూ వచ్చాడు. ఆ క్షణాన నాన్న కావాలనిపించింది ఆమెకు. రేకు మీద రెండు దెబ్బలు పడ్డాయి. సీటు అదిరింది.

ఆమె దిగి, "సరిగ్గా వచ్చిందా మావయ్యా?" అంది.

ఆయన వంగి నేల మీది గీత చూశాడు. "మీ నాన్నయితే ఇంకో అడుగు వచ్చేవాడు."

"మెడ తిరక్కపోయినా వచ్చేవాడా?"

మావయ్య చెయ్యి చొక్కాకు తుడుచుకున్నాడు. "ఆ మెకానిక్ ముసలాడి నోట్లో నువ్వుగింజ నానదు" అని గొణిగి, "అయినా వచ్చేవాడు. ఎక్కు, ఆ అడుగు కూడా తెద్దాం" అన్నాడు.

ఆమె మళ్లీ ఎక్కింది. నెట్టే ఎనిమిది మందీ ఉసూరుమన్నారు. మాట్లాడదామని వచ్చి అక్కడే నిలబడ్డ ఛైర్మన్ గారు చొక్కా చేతులు మడిచి, తొమ్మిదో బావగా బస్సు మీద చెయ్యి వేశారు.