కోదాడల మా మామ తుపాకి బేరం

ఈ రోజు మా మేనమామను కోదాడ తీస్కపోయిన. పాలకీడు దిక్కు జీవితమంత గొర్లు కాసిన మనిషి. వయసుల ఉన్నప్పుడు కట్టె ఇసిరి చెవులపిల్లిని కొట్టెటోడట. కుందేలును మా దిక్కు గట్లనే అంటం. ఇప్పుడు మోకాళ్ల నొప్పులు, ఉరుకలేడు. అందుకే దూరం కొట్టే ఎయిర్ గన్ కావాల్నని నెల సంది ఒకటే నస. “కొడితే కేసయితది మామా” అంటే ఇంటడా?

షాపాయన రెండు తుపాకులు బల్ల మీద పెట్టిండు. “సన్న గుండుది స్పీడుగా పోద్ది, లావు గుండుది గట్టిగా తగులుద్ది. ఎంత దూరం కొట్టాలి బాబాయ్?”

మామ తుపాకి మీద బిగించిన దుర్బీనుల కన్ను పెట్టి, ఎదురు గోడకున్న క్యాలెండర్‌ను చానాసేపు చూసిండు.

“తుపాకి వద్దు గని, ఈ దుర్బీను ఒక్కటే ఇస్తవా?”

షాపాయన నవ్విండు. “దాంతో ఏం కొడతావ్ బాబాయ్?”

“కొట్టుడు ఎందుకయ్యా? ఒక్కసారి సూస్తే సాలు.”

పొద్దుగాల నుంచి నేను చెప్పిన కేసు ముచ్చటకు భయపడ్డడేమో అనుకున్న. కాదు. ఇంటికి రాంగనే, కొన్న దుర్బీను పట్టుకోని ఊరి గుట్ట దిక్కు చూసుకుంట కూసున్నడు. ఆ గుట్టల సగం కంకర మిల్లు తిన్నది. చీకటి పడ్డది, అయినా లేస్తలేడు.

మీ ఊర్లల్ల ఈ మధ్య చెవులపిల్లిని ఎవరన్న చూసిన్రా? చూస్తే జర చెప్పుండ్రి. “కనవడ్డదా మామా?” అని ఇందాక అడిగిన. లేదు అనలే. “ఇంకా రాలే” అన్నడు.