తేదీ అంటే తేదీ

అమెరికాలోని విస్కాన్సిన్‌లో పాల లారీలు తప్ప ఏదీ వేళకు రాని ఒక చిన్న ఊరుంది. ఆ ఊరి హైస్కూలుకు వేళంటే ఏమిటో నేర్పిన మనిషి వెర్నా కోల్బెక్. ఉద్యోగరీత్యా ఆఫీసు గుమాస్తా. అయితే ఇరవై రెండేళ్ళుగా పిల్లల ఆఖరి మార్కుల పత్రాల మీద ముద్ర కొట్టి కాలేజీలకు పంపే అధికారం ఆవిడదే కాబట్టి, ప్రిన్సిపాలు కూడా ఆవిడ కౌంటరు ముందు కాస్త ఒద్దికగానే నిలబడేవాడు.

అక్కడి పిల్లలకు కాలేజీ సీటు మార్చిలోనే వచ్చేస్తుంది. వచ్చిన మరునాటి నుంచి వాళ్ళు చదువుకు స్వస్తి చెబుతారు. సీటు ఇచ్చిన ఉత్తరంలో, ఎవరూ చదవని చివరి పేరాలో, ఆఖరి ఏడాది మార్కులు పడిపోతే సీటు రద్దు చేసే హక్కు మాకుంది అని ఒక వాక్యం ఉంటుంది. ఆ వాక్యాన్ని జూన్‌లో మొదటిసారి చదివిన తల్లిదండ్రులు పరుగున వెర్నా దగ్గరికి వచ్చేవారు. కొందరు ఏడ్చేవారు. ఒకాయన రెండు కిలోల జున్ను పట్టుకొచ్చాడు. వెర్నా అందరినీ సమానంగా చూసేది, జున్నుతో సహా వెనక్కి పంపేది.

"మార్కులు వేసేదాన్నీ కాదు, తీసేదాన్నీ కాదు. పంపేదాన్ని. ఆగస్టు ఒకటి గడువు. తేదీ అంటే తేదీ."

ఐదేళ్ళ కిందట అలా వచ్చినవాళ్ళలో ఆ బడి లెక్కల మాస్టారే ఉన్నాడు. పేరు ప్రూవిట్. లెక్కలు చెప్పేది ఆయనొక్కడే కావడంతో కన్నకొడుకు వెస్‌కు డి గ్రేడు వేసిన ఘనత కూడా ఆయనకే దక్కింది. కుర్రాడు సిగ్గుపడి, వేసవి తరగతిలో అదే పాఠం మళ్ళీ చదివాడు. దాని ఫలితం ఆగస్టు ఎనిమిదిన వస్తుంది.

"ఒక్క వారం ఆగుతారేమో కాలేజీ వాళ్ళకి ఫోన్ చేసి అడుగుతారా వెర్నా గారూ? బడి తరఫున అడిగితే మాటకి బరువుంటుంది."

"అడగడం నా పని కాదు మాస్టారూ. పంపడం నా పని."

పంపింది. పది రోజుల్లో సీటు రద్దయింది. వెస్ జున్ను ఫ్యాక్టరీలో చేరాడు, ఇప్పటికీ అక్కడే పెట్టెలకు టేపు వేస్తున్నాడు. ప్రూవిట్ ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఆ మౌనాన్ని వెర్నా తన నిష్పక్షపాతానికి దక్కిన ప్రశంసాపత్రంగా భావించుకుంది.

ఈ ఏడు జూన్‌లో ఆవిడ కూతురు జోలీన్‌కు లెక్కల్లో డి వచ్చింది.

అప్పటికే కారు వెనకద్దం మీద కాలేజీ పేరు అంటించి ఉంది. ఇంటి ముందు గడ్డిలో అదే పేరుతో బోర్డు పాతారు. వెర్నా ఊదారంగు కాలేజీ చొక్కా వేసుకుని ఊళ్ళో ప్రతి శుక్రవారం జరిగే చేపల వేపుడు విందుకు మూడు వారాలు వరసగా వెళ్ళింది. ఊళ్ళో ఆ సీటు సంగతి తెలియనివాళ్ళెవరైనా ఉంటే అది వాళ్ళ తప్పే.

"హోంవర్కు చెయ్యలేదా?" అంది కూతురితో.

"ఏప్రిల్ నుంచి చెయ్యలేదమ్మా."

"ఎందుకని?"

"సీటొచ్చేసింది కదా."

తండ్రి డేల్ పేపరు వెనక నుంచి, "వచ్చింది కాబట్టే పోవడానికి వీలైంది" అన్నాడు. తల్లీకూతుళ్ళు ఆయనకేసి ఒకేలా చూశారు. ఆయన మళ్ళీ పేపర్లోకి వెళ్ళిపోయాడు.

ఆ శనివారం జోలీన్ బడి పూర్తిచేసిన సందర్భంగా గ్యారేజీలో విందు. ఊరంతా వచ్చింది. హ్యామ్ శాండ్‌విచ్‌లు, బంగాళాదుంప సలాడ్, కేకు మీద ఊదారంగు క్రీముతో కాలేజీ పేరు. వచ్చిన ప్రతివాళ్ళూ, "గర్వంగా ఉండుంటుందే నీకు!" అన్నారు. వెర్నా ప్రతిసారీ ఉందంది. పదిహేనోసారికి దవడ నొప్పెట్టింది. అప్పుడు ప్రూవిట్ మాస్టారిని గడ్డి కోసే యంత్రం వెనక్కి పిలిచింది.

"మాస్టారూ, రెండే మార్కులు. రెండు వస్తే సి అవుతుంది. ఇంకొక్కసారి చూస్తారా?"

ఇరవై రెండేళ్ళుగా కౌంటరు అవతల నుంచి విన్న గొంతు తన నోట్లోంచి రావడం ఆవిడకు తెలిసింది. ఆ గొంతుకు తక్కువైందల్లా రెండు కిలోల జున్ను.

ప్రూవిట్ శాండ్‌విచ్ నమిలి మింగాడు. "మూడుసార్లు చూశానండీ. మావాడి పేపరు నాలుగుసార్లు చూశాను." చేతులు దులుపుకుని, "వేసవి తరగతిలో చేర్పించండి. పిల్ల తెలివైనదే, బద్ధకం పట్టింది. ముందు ఆ అమ్మాయి చేతే కాలేజీకి ఉత్తరం రాయించండి. వాళ్ళు కనిపెట్టేలోగా తనే చెప్పుకోవాలి" అన్నాడు.

జోలీన్ రాసింది. కాలేజీ జవాబిచ్చింది: వేసవిలో లెక్కలు మళ్ళీ చదివి కనీసం సి తెచ్చుకుంటే సీటు ఉంటుంది. పత్రాలు ఆగస్టు ఒకటికల్లా పంపాలి. వేసవి తరగతి ఫలితాలేమో ఎనిమిదిన.

జూలై ఆఖరి రోజు వెర్నా నలభై ఒక్క కవర్లకు ముద్ర కొట్టింది. నలభై రెండోది పక్కన పెట్టింది. గది తలుపు వేసుకుని, ఉద్యోగ జీవితంలో మొదటిసారి, అడగడానికి కాలేజీకి ఫోను చేసింది.

అవతల ఎవరో కుర్రపిల్ల, నోట్లో ఏదో నములుతూ ఎత్తింది. వెర్నా మూడు రోజులుగా తయారుచేసుకున్న ప్రసంగంలో రెండో వాక్యం దాకా వచ్చింది.

"వారమేనా? పర్లేదండీ, రాసుకున్నా. పదిహేను దాకా టైమిచ్చా."

"అంటే... అలా ఇవ్వొచ్చా?"

"ప్రతి ఏడూ ఇస్తామండీ. బడి నుంచి ఎవరైనా అడిగితే చాలు. చాలామంది అడగరు, ఎందుకో మరి."

వెర్నా థాంక్స్ చెప్పి ఫోను పెట్టేసింది. సంతోషించాల్సిన సమయమని తెలుసు. చెవుల దాకా వేడెక్కింది, అంతే.

ఎనిమిదిన సి వచ్చింది. కవరు వెళ్ళింది, సీటు నిలిచింది. డేల్ ఐస్‌క్రీం తెచ్చాడు. ఊదారంగు చొక్కా ఉతికి మడత పెట్టుంది. వెర్నాకు దాన్ని తొడుక్కోవడానికి చేతులు రాలేదు. మరునాడు కారు తీసి, వెనకద్దం ప్రూవిట్ ఇంటివైపు కనబడకుండా వీధి చివర ఆపి, నడిచి వెళ్ళింది.

ప్రూవిట్ పెరట్లో కీరదోసల్లాంటి జుకీనీ కాయలు కోస్తున్నాడు. వెర్నా కంచె దగ్గరే నిలబడి మొత్తం చెప్పింది. సి వచ్చిన సంగతి, ఫోను సంగతి, ప్రతి ఏడూ ఇస్తారన్న సంగతి. నములుతున్న పిల్లను కూడా వదల్లేదు.

ఆయన చాకు తుడిచాడు. "ఎంతసేపు పట్టిందండీ ఫోను?"

అబద్ధం చెబుదామని నోటిదాకా వచ్చింది. "నాలుగు నిమిషాలు. అందులో మూడు లైన్లో ఆపి పాట వినిపించారు."

ప్రూవిట్ తలూపాడు. లెక్క సరిపోయినప్పుడు బోర్డు దగ్గర ఊపినట్టే. "వెస్ ఏడింటికి వస్తాడు. వాడితో మీరే చెప్పాలి."

"అందుకే వచ్చాను."

అప్పటికి ఆరున్నర. ఆయన వాకిట్లో కుర్చీ వేశాడు. ఆగస్టులో ఇంటికొచ్చినవాళ్ళందరికీ ఇచ్చినట్టే ఓ సంచీడు జుకీనీలు ఆవిడ ఒళ్ళో పెట్టి లోపలికి వెళ్ళాడు. వెర్నా ఆ సంచీ పట్టుకుని, కౌంటరుకు అవతలి మనిషిలాగా, కూర్చుంది.