అధ్యక్షుడు లేని సభకు ఎల్లారెడ్డి దాకా

నిజామాబాదులో మా వాడంతా బీడీలు చుట్టే ఇళ్ళే. అక్కడి ఆడవాళ్ళకు అక్షరాలు నేర్పే కేంద్రం నాది. మొదట్లో గది నిండేది. వానాకాలానికి ముగ్గురు మిగిలారు. ఇలాగే ఉంటే కేంద్రం ఎత్తేస్తామని పైఅధికారి చెప్పిపోయాడు. అప్పుడే ఎల్లారెడ్డిలో అక్షరాస్యత కార్యకర్తల సభ ఉందని కబురొచ్చింది. అధ్యక్షుడు, వక్తలు ఉండరట. వచ్చినవాళ్ళే తమకు తెలిసింది ఒకరికొకరు చెప్పుకుంటారట. మా కేంద్రంలోనే ఉర్దూ నేర్పే రజియా, నేను ఆదివారం పొద్దున్నే ప్యాసింజరు ఎక్కాం.

ఉప్పల్‌వాయిలో ఎదురుబండి కోసం మా బండిని ఆపారు. ఎంతసేపని కింద నిలబడ్డ పెద్దమనిషిని అడిగితే, "అది వస్తెనే ఇది పోతది" అన్నాడు. స్టేషన్‌లో కూడా అంతకంటే తెలిసినవాళ్ళు లేరు. కామారెడ్డిలో దిగేసరికి పది దాటింది. బస్టాండు హోటల్లో ఇడ్లీలు అయిపోయాయి. చల్లారిన బజ్జీలు తిని, చాయ్ తాగి, ఎల్లారెడ్డి బస్సులో ఒంటికాలి మీద నిలబడ్డాం. తాడ్వాయి దాటాక టైరు పంక్చరైంది. రోడ్డు పక్కన మాతో పాటు ఎండలో నిలబడ్డ ఒకామె ఏం పని మీద పోతున్నామని అడిగింది. రజియా సభ సంగతి వివరించింది. ఆమె అంతా విని, "చెప్పెటోళ్ళే లేకుంటె గంత దూరమెందుకమ్మా?" అంది.

సభ హైస్కూలు హాలులో. మేం వెళ్ళేసరికి ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు మైకు పట్టుకుని ఉన్నాడు. అధ్యక్షుడు లేడన్నారు గనుక, ఆ లోటు తానే తీరుస్తున్నాడు. ఉపన్యాసాలు ఎందుకు అనవసరమో గంటకు పైగా ఉపన్యసించాడు. సభ పెట్టిన కుర్ర లెక్చరరు పక్కన చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడే తప్ప, ఆపలేకపోయాడు.

భోజనాలయ్యాక గానీ అసలు పని మొదలు కాలేదు. ఎవరి ప్రశ్న వాళ్ళు బోర్డు మీద రాసి, ఎక్కడ కూర్చుంటారో చెప్పాలి. ఆడవాళ్ళను మళ్ళీ చదువుకు రప్పించడమెలా అని రాసి నేను వరండాలో కూర్చున్నాను. నలుగురు మగవాళ్ళు వచ్చారు. ఆడవాళ్ళు చదువుకు రాకపోవడానికి బద్ధకం, సినిమాలు, అత్తలు కారణమని తేల్చారు. నాకు తల తిరిగిపోయింది. రజియా మాత్రం మెల్లగా, "మీరెన్నడన్న బీడీలు చుట్టిన్రా?" అని అడిగింది. వాళ్ళు ఇంకో గుంపులోకి వెళ్ళిపోయారు.

మా దగ్గర మిగిలింది, వాళ్ళ వెనకే వచ్చి కూర్చున్న లింగంపేట సావిత్రి. ఆమెదీ మాలాంటి కేంద్రమే.

"బీడీల చాట కింద వెట్టి రమ్మంటె కూలి పోతది అక్కా. నేను చాటలు వట్టుకొనే రమ్మన్న. వాళ్ళు చుడుతుంటె పేపర్ సదివేదాన్ని. గోడ మీద పెద్దగ రాస్తె సూసుకుంట నేర్చుకున్నరు" అంది.

ఇప్పుడెంతమంది వస్తున్నారని ఆత్రంగా అడిగాను.

"సెంటరే బంద్ చేసిన్రు. పలక వట్టనోళ్ళు సదువుకునేటోళ్ళ లెక్క కాదట. మళ్ళ ఎట్ల తెరిపియ్యాలె అని అడుగనీకె వచ్చిన."

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఇంతలో హాలులో వందన సమర్పణ మొదలైంది, మళ్ళీ అదే గొంతుతో. బస్సు తప్పిపోతుందని ముగ్గురం పరుగెత్తాం.

బస్సులో ఇంజను పక్కన ఇరుక్కుని కూర్చున్నాక రజియాకు తోచింది. "సెంటర్ తెరువమని వాళ్ళ చేతులతోనే దరఖాస్తు రాయిపియ్యి. చదువు రానోళ్ళు ఎట్ల రాసిన్రో సార్లే చెప్తరు." సావిత్రి ఎవరెవరు రాయగలరో పేర్లు చెప్పుకుంటూ వేళ్ళు మడిచింది. లింగంపేటలో దిగుతూ, "గింత మాటకు పొద్దంత వట్టింది" అంది.

నిజమే. అలాంటి సభకు వెళ్ళదలచినవాళ్ళు నీళ్ళు వెంట తీసుకెళ్ళండి, హాలులో కూర్చోకండి, తిరుగు బస్సులో ఎవరి పక్కన కూర్చుంటున్నారో చూసుకోండి. మళ్ళీ పిలిస్తే నేనూ వెళ్తాను, తిట్టుకుంటూ.

కామారెడ్డి ప్లాట్‌ఫారం మీద రైలు కోసం కూర్చున్నాం. రేపు చాటలతో వచ్చేవాళ్ళకు ఏం చదివి వినిపిస్తావని రజియా అడిగింది. బెంచీ మీద ఎవరో వదిలేసిన పేపరు తీసి, గొంతు ఎలా పలుకుతుందో చూద్దామని వానల వార్త చదవడం మొదలుపెట్టాను. పక్కన మూట మీద కూర్చున్న ముసలామె నా వైపు జరిగింది.

"జర గట్టిగ సదువు బిడ్డా" అంది.